పైనుంచి వచ్చిన పతాక

మా గ్రూపులో పదవి లేనివాళ్లను దీపం పెట్టుకుని వెతకాలి.

"ఒమాన్ తెలుగు చేదోడు" అని వాట్సాప్‌లో మాకో గ్రూపు ఉంది. మస్కట్ చుట్టుపక్కల పనిచేసే తెలుగువాళ్లం, ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ఆదుకుందామని పెట్టుకున్నది. జీతాలు లేవు, ఆఫీసు లేదు, కూర్చోడానికి కుర్చీ కూడా లేదు. పదవులు మాత్రం పుష్కలం. ప్రెసిడెంటు, ప్రధాన కార్యదర్శి, ఏరియాకో ఇంచార్జి, ఇంచార్జికో అసిస్టెంటు, ఆ అసిస్టెంటు ఊరికి పోతే యాక్టింగ్ అసిస్టెంటు. పండగ శుభాకాంక్షల బొమ్మలు పెట్టడానికి ఒకాయన, అవి బాగున్నాయని చెప్పడానికి ఇంకొకాయన. నేను బౌషర్ మహిళా విభాగం ఇంచార్జిని. పేరు సుమలత, ఊరు కడప దగ్గర, పని ఇక్కడొక పళ్ల డాక్టరు క్లినిక్‌లో క్లీనింగ్. ఆ పదవి నేను అడగలేదు. ఇచ్చినప్పుడు వద్దని కూడా అనలేదు.

మొదట్లో మాకు ఏ పదవులూ లేవు. అప్పట్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి, లేకపోతే ప్రెసిడెంటుకు అన్యాయం చేసినదాన్నవుతాను. ఖురియాత్‌లో సైట్ మీద పనిచేసే ఇస్తారన్న అని ఉన్నాడు. నిర్మల్ వైపు మనిషి, యాభై దాటాయి, చదువు రాదు, ఏదైనా గొంతుతోనే పెడతాడు. ఒకసారి "జరమొచ్చింది" అని వాయిస్ పెట్టాడు. సాయంత్రానికల్లా ఆయన రూమ్ ముందు జావ గిన్నెలతో జనం. తెచ్చినవాళ్లను నొప్పించడం ఇష్టంలేక ఆ పెద్దమనిషి అందరి జావా తాగాడు. జ్వరం తగ్గింది గానీ కడుపు రెండు రోజులు నిలవలేదు. ఆ తర్వాత ఇంకొకాయన కాలు బెణికి వాయిస్ పెడితే, ఎవరో ఒకరు పోయే ఉంటారులే అనుకుని ఒక్కరూ పోలేదు.

అప్పుడు రంగంలోకి దిగాడు ఇప్పటి మా ప్రెసిడెంటు దేవదాసన్న. పెద్ద కన్‌స్ట్రక్షన్ కంపెనీలో క్యాంప్ బాస్. వందలమంది లేబర్‌కు రూములు, నీళ్లు, బస్సులు చూసే మనిషి. మంచివాడు, కష్టమంటే చొక్కా విప్పి ఇచ్చే రకం. కానీ ఆ చొక్కా ఇవ్వడానికి కూడా ఆర్డర్ ఉండాలంటాడు.

"సైట్‌ల ఎవనికి వాడు ఇటుక పెడితే గోడ లేస్తదా చెల్లె? మేస్త్రి చెప్పాలె, ఫోర్‌మ్యాన్ చూడాలె, ఇంజనీర్ ఒప్పుకోవాలె. గ్రూపుల గూడ గట్లనే నడ్వాలె" అన్నాడు నాతో.

అలా వచ్చింది ప్రోటోకాల్. మామూలు సభ్యులు గ్రూపులో రాయకూడదు. కష్టం వస్తే తమ ఇంచార్జికి చెప్పుకోవాలి. ఇంచార్జి దాన్ని టైపు చేసి ప్రధాన కార్యదర్శికి పంపాలి. ఆయన దాన్ని చక్కగా తిరగరాసి ప్రెసిడెంటుకు పంపుతాడు. ప్రెసిడెంటు ఆర్డర్ మళ్లీ అదే మెట్ల మీదుగా కిందికి దిగుతుంది. వాయిస్‌లు పూర్తిగా బంద్. ఆడవాళ్ల పేర్లు బయటికి రాకూడదు. రెండు లైన్లు దాటకూడదు. అన్నిటికన్నా ముద్దొచ్చే రూలు చివరిది. పై నిర్ణయం వచ్చేదాకా కిందివాళ్లు ప్రశ్నలు అడగరాదట. నాకు నోరు ఎక్కువని మా అత్త కూడా చెప్పేది. ఆ రూలు నాకోసమే పెట్టారని నా అనుమానం.

ఇక రమణి సంగతి.

రమణిది రాజోలు దగ్గర పల్లె. బౌషర్‌లో మా క్లినిక్ వెనక వీధిలో ఒక పెద్ద ఇంట్లో వంటా, పిల్లల పనీ చేస్తుంది. కూతుర్ని ఏడాది పిల్లగా తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఆ పిల్లకు ఇప్పుడు నాలుగేళ్లు. అమ్మమ్మ పొద్దస్తమానం ఫోన్‌లో "రమణీ, రమణీ" అనడం విని, అదీ తల్లిని "రమణీ" అనే పిలుస్తుంది. వీడియో కాల్‌లో చెంపకు చెయ్యి ఆనించుకుని "ఏం రమణీ, అన్నం తిన్నావా?" అని అడుగుతుంది. మేమంతా పడీపడీ నవ్వుతాం. రమణి కూడా నవ్వుతుంది. ఫోన్ పెట్టేశాక మాత్రం పిల్ల ఫొటోలన్నీ మొదటినుంచి మళ్లీ తిప్పుతూ కూర్చుంటుంది.

ఆగస్టులో, ఎండకు రోడ్డు మీద చెప్పులు అంటుకుంటున్న రోజుల్లో, ఆమెకు లీవ్ దొరికింది. శుక్రవారం మధ్యాహ్నం ఫ్లైట్. సోమవారం ఉదయం నాకు ఫోన్ చేసి ఏడుపు.

"అక్కా, నా పతాకా పోయిందక్కా! బ్యాగు సర్దుకుంటా చూశాను, లేదు. ఇల్లంతా దులిపేశానక్కా!"

ఇక్కడ పతాకా అంటే కార్డు. మనం ఈ దేశంలో ఉండొచ్చని ఇచ్చే గుర్తింపు కార్డును అరబ్బీలో బితాకా అంటారు. అది మన నోళ్లలో పడి పతాకా అయింది. మేస్త్రి అయినా, డ్రైవరైనా, వంటమనిషి అయినా పతాకా అనే అంటారు. అది జేబులో లేకుండా గడప దాటడానికి గుండె ఒప్పదు.

"మీ బాబా ఏమంటాండాడు?" అని అడిగాను. ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానిని బాబా అనే అంటారు.

"కొత్తది చేయిద్దాం, టికెట్ వచ్చే నెలకు మార్చుకుందాం, ఇన్షాఅల్లా అంటున్నారక్కా. మంచోరే. కానీ ఆయన ఇన్షాఅల్లా అన్నాడంటే నాకు బయ్యం. కిందటేడు లీవ్ కూడా అలాగే ఇన్షాఅల్లా అయిపోయింది. వచ్చే నెల్లో ఆళ్ల పెద్దమ్మాయి పెళ్లి. పెళ్లిల్లు వదిలి నన్ను పంపుతారా? ఈసారి గాని వెళ్లకపోతే, నా పిల్ల నన్ను రమణీ అని కూడా పిలవదక్కా."

"నువ్వు ఏడ్చగాకు మే. గ్రూపు ఉండేది ఎందుకు?" అని ధైర్యం చెప్పి, ప్రోటోకాల్ ప్రకారం కూర్చుని టైపు చేశాను. పేరు రాయకూడదు, రెండు లైన్లు దాటకూడదు. "బౌషర్‌లో ఒక సభ్యురాలి పతాక పోయింది. శుక్రవారం లోపల కావాలి, చాలా అత్యవసరం." ప్రధాన కార్యదర్శి భూమేశ్‌కు పంపాను. భూమేశ్ అల్ మవాలేలో ఒక ట్రేడింగ్ కంపెనీ స్టోర్‌లో పనిచేస్తాడు. ఊరు జగిత్యాల. తెలుగు టైపు వేగంగా కొడతాడని ఆ పదవి ఇచ్చారు.

మంగళవారం ఉలుకూ లేదు, పలుకూ లేదు. "ఏమైంది భూమేశ్?" అని అడిగితే "పై నిర్ణయం వచ్చేదాకా వివరాలు అడగరాదు" అని జవాబు, కింద ఒక దండం బొమ్మ. ఆ దండం చూసి నాకు ఒళ్లు మండింది.

బుధవారం మధ్యాహ్నం ఆర్డర్ దిగింది. "బౌషర్ అభ్యర్థన ఆమోదించడమైనది. గురువారం సాయంత్రం ప్రెసిడెంటు గారి చేతుల మీదుగా అందజేయబడును. సభ్యురాలు సిద్ధముగా ఉండవలెను."

నేను క్లినిక్‌లో మాప్ కర్ర పట్టుకుని గంతేశాను. కార్డు దొరికిందన్నమాట! ఎక్కడ దొరికింది, ఎవరికి దొరికింది అని అడగాలని నాలుక దురద పెట్టింది. అడగరాదు కదా. రమణికి ఫోన్ చేస్తే, ఆ పిల్ల అవతల ఏడుస్తూ నవ్వింది. అప్పటికప్పుడు పోయి బాబాకు చెప్పేసిందట. "టికెట్ మార్చకండి బాబా, పతాకా వచ్చేస్తోంది, మా ప్రెసిడెంటు గారు తెస్తున్నారు" అని. ఎవరీ ప్రెసిడెంటు అని ఆయన బిత్తరపోయాడట. సరే, రేపు సాయంత్రం దాకా చూస్తాను, లేకపోతే టికెట్ మార్చేస్తానని చెప్పాడట.

గురువారం సాయంత్రం ఆ వీధి చివర బఖాలా ముందు చేరాం. బఖాలా అంటే మన కిరాణా కొట్టే. రమణి చెత్త సంచి వంకతో బయటికి వచ్చింది, ఇంకా వంటింటి ఏప్రన్‌లోనే ఉంది. దేవదాసన్న ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, జేబుకు "ప్రెసిడెంట్" అని రాసిన బ్యాడ్జీ పెట్టుకుని ముందే వచ్చి నిలబడ్డాడు. పక్కన భూమేశ్, ఫొటో తీయడానికి ఫోన్ తుడుస్తూ. కాసేపటికి ఖురియాత్ నుంచి పికప్ వచ్చింది. నడిపేది ఖురియాత్ ఇంచార్జి పెద్దులు. వెనక సీట్లో ఇస్తారన్న, పొడుగాటి ప్లాస్టిక్ చుట్ట ఒకటి పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

కార్డుకు ఇంత చుట్ట ఎందుకా అనుకున్నాను. మా వాళ్ల ఆర్భాటం తెలిసిందే, శాలువా కప్పుతారేమో అని సర్దిచెప్పుకున్నాను.

దేవదాసన్న గొంతు సవరించుకున్నాడు. "చేదోడు అంటే చేతల మనిషి..." అని ఏదో మొదలుపెట్టాడు. "అన్నా, ఆ పిల్ల మాంసం పొయ్యి మీద పెట్టి వచ్చింది, తొందరగా కానీ" అన్నాను నేను. ఆయన నావైపు ఒక చూపు చూసి, ఇస్తారన్న చేతిలోని చుట్ట తీసుకుని రెండు చేతులా రమణికి అందించాడు. భూమేశ్ ఫొటో కొట్టాడు.

రమణి చుట్ట కొస విప్పి చూసింది. కాషాయం రంగు. ఇంకాస్త విప్పింది. తెలుపు.

"ఇదేంటండీ?"

"నీ పతాకనే చెల్లె. శుక్రవారం లోపల గావాలన్నవు గదా, ఒక దినం ముందుగాల్నే తెచ్చినం. రోడ్డు మీద ఇప్పకు, ఇక్కడ బాగుండది. లోపలికి పోయినంక చూసుకో."

"ఇది జెండా కదండీ!"

"మల్ల పతాకంటే ఏంది?"

"పతాకా అండీ! కార్డండీ! నా ఫొటో ఉంటది, ఆ పతాకా!"

రమణి తప్ప అక్కడున్న అందరి చేతులూ వాటంతటవే జేబుల మీదికి పోయాయి. అందరి జేబుల్లోనూ తలా ఒక పతాకా ఉంది. పొద్దున లేస్తే ఇరవై సార్లు పతాకా, పతాకా అనే మనుషులు. నోటితో అంటే కార్డే. అదే మాటను తెలుగులో రాసి పైకి పంపితే జెండా అయి కూర్చుంది.

రమణి ఏడుపు అందుకుంది. అంత ఏడుపులోనూ ఆ చుట్టను కిందికి దించలేదు, బడిలో చిన్నప్పుడు చెప్పారు కదా, జెండా నేలకు తగలకూడదని. ముక్కు కారుతోంది, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. నేనే నా చున్నీతో తుడిచాను.

"నేను బాబాతో చెప్పేశానక్కా, టికెట్ మార్చొద్దన్నాను! ఇప్పుడు ఈ జెండా చూపించి ఎయిర్‌పోర్టుకు వెళ్లనా?"

నాకు వచ్చిన కోపానికి హద్దు లేదు. "ఏం భూమేశా, నేను ఏం రాస్తి, నువ్వు ఏం చేస్తివి?" అని మీదికి పోయాను.

"అక్కా, నువ్వు రాసింది పతాక అనే గదా. ఆగస్టు పదిహేను దగ్గర పడె, నెత్తిల అదే తిరుగుతున్నది. సార్‌కు సాఫ్‌గ తెల్వాలని జెండా అని మార్చిన."

అప్పుడు ఇస్తారన్న, పికప్ దిగి నడుం పట్టుకుని నిలబడ్డవాడు, మెల్లగా అడిగాడు. "ఏందీ, పతాకనా? కార్డేనా? అది నా జేబుల ఉన్నది గదా."

ఆయన చొక్కా లోపలి జేబులోంచి సబ్బు కవరు తీసి, దానికి చుట్టిన దారం విప్పడం మొదలుపెట్టాడు. ఆ దారం ఎంతకీ తెగదు. నేను లాక్కుని పళ్లతో కొరికాను. లోపల కార్డు, దాని మీది ఫొటోలో రమణి, ఎవరినో తిట్టబోతున్నట్టు మొహం పెట్టి మమ్మల్నే చూస్తోంది.

"పోయిన శనివారం సముద్రం ఒడ్డుకు చేపలకని పోతే ఇసుకల దొరికింది" అన్నాడు ఇస్తారన్న. "గీ ఫొటోల కోపంగున్నవు బిడ్డా, ఇప్పుడేమో ఏడుస్తున్నవు. గందుకే పోల్చలేదు."

దానికి ముందురోజు శుక్రవారం రమణి పనిచేసే ఇంటివాళ్లు పిల్లల్నీ, రమణినీ తీసుకుని ఖురియాత్ బీచ్‌కు పోయారట. పుచ్చకాయ కోస్తున్నప్పుడు రమణి ఏప్రన్ జేబులోంచి కార్డు జారిపోయింది.

"దొరికితే చెప్పొద్దా ఇస్తారీ?" అన్నాడు దేవదాసన్న, గొంతు కీచుమంది.

"చెప్పిన. పెద్దులుకు చెప్పిన."

పెద్దులు చేతులు కట్టుకున్నాడు. "నేను భూమన్నకు రాసిన సార్. ఖురియాత్‌ల పతాక దొరికింది అని."

భూమేశ్ తల గోక్కున్నాడు. "ఒకరు పోయిందంటిరి, ఒకరు దొరికిందంటిరి. రెండూ జెండాలే అనుకొని కలిపి సార్‌కు పంపిన."

"దొరికినదాన్ని పోయినోళ్లకు అప్పజెప్పుమని నేను ఆర్డరిచ్చిన" అన్నాడు దేవదాసన్న. ఆ ఆర్డర్‌లో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"మరి ఈ జెండా యాడిది?" అన్నాను.

"జెండా తెమ్మని రాసిండ్రు గదా అక్కా" అన్నాడు పెద్దులు. "పదిహేనో తారీఖుకని రూమ్‌ల పెట్టుకున్నది తెచ్చిన. కార్డు సంగతికి పైనుంచి ఇంకా ఆర్డర్ రాలే. వస్తే అదీ తెద్దుమనుకున్న."

"ఆర్డర్ వచ్చేటట్టు లేదని నేనే జేబుల పెట్టుకొని వచ్చిన" అన్నాడు ఇస్తారన్న. "ప్రెసిడెంట్ సాబ్ వస్తడట గదా, అడుగుదమని. వచ్చినంక నన్నెవరు మాట్లాడనిచ్చిండ్రు? చుట్ట పట్టుకోమన్నరు, పట్టుకున్న."

అందరూ ఎవరి పని వాళ్లు సక్రమంగా చేశారు. మధ్యలో ఆ పిల్ల బతుకు ఆగిపోబోయింది. నేను తిట్టాలనుకున్నాను, చాలా మంచి తిట్లు నోటి చివరిదాకా వచ్చాయి కూడా. కానీ దేవదాసన్న మొహం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. ఆయన బ్యాడ్జీ తీసి జేబులో వేసుకుంటున్నాడు. రమణి కార్డును కళ్లకద్దుకుని, జెండాను కూడా కళ్లకద్దుకుని, దాన్ని ఆయన చేతుల్లో పెట్టింది. మాడు వాసన వస్తోందని ఇంట్లోంచి కేక వినపడితే పరుగెత్తింది. చెత్త సంచి మాకే వదిలిపోయింది. దాన్ని తీసుకెళ్లి డబ్బాలో వేసింది మా ప్రెసిడెంటే, ఏ ఆర్డరూ లేకుండా.

శుక్రవారం రమణి ఫ్లైట్ ఎక్కింది. ఆ సాయంత్రమే దేవదాసన్న పదవుల్లో ఉన్నవాళ్లందరినీ కాల్‌లో కలిపాడు, ఇస్తారన్నను కూడా. రాజీనామా చేస్తాడేమోనని నేను కాస్త ఆశపడ్డాను, అబద్ధం ఎందుకు. ఆయన మాత్రం పదవి పోగొట్టుకునేవాడు కాదు, ఇంకోటి పుట్టించేవాడు.

"జరిగిన పొరపాటు దృష్ట్యా కొత్త పోస్టు పెడుతున్నం. పోయినవి, దొరికినవి చూసుకునేటందుకు ప్రత్యేక ఇంచార్జి. ఆ పోస్టు ఇస్తారికి ఇస్తున్నం" అన్నాడు. భూమేశ్ వెంటనే చప్పట్లు కొట్టాడు.

ఇస్తారన్న దగ్గి, "నాకు పోస్టొద్దు దేవదాసూ" అన్నాడు. వాళ్లిద్దరివీ పక్కపక్క ఊళ్లే, ఒకే ఏడు వచ్చారు ఈ దేశానికి. "నాకు రాసుడు రాదు. నీ రూలు వచ్చిన కాడికెల్లి గ్రూపుల నేను మూగోణ్ణయిన. ఆ పిల్ల ఫొటో చేతుల పట్టుకొని అయిదు దినాలు తిరిగిన. ఇది ఎవరిదమ్మా అని ఒక్క మాట నా నోటితోని అననిస్తే, ఆ దినమే అయిపోవు. పోస్టు నువ్వే ఉంచుకో. నా గొంతు నాకియ్యి."

దేవదాసన్న అన్నాడు, చాలా మామూలు గొంతుతో, "సరే తియ్యి. వాయిస్ పెట్టుకోండ్రి అందరు." ఒక్క షరతు మాత్రం పెట్టాడు, జావ తెచ్చేముందు ఒక మాట చెప్పి తేవాలని.

ఆదివారం పొద్దున క్లినిక్ తలుపులు తీస్తుంటే ఫోన్ మోగింది. గ్రూపులో వాయిస్. నా ద్వారా కాదు, భూమేశ్ ద్వారా కాదు, నేరుగా రమణి గొంతు.

"అందరికీ నమస్కారమండీ. క్షేమంగా వచ్చేశాను. మా పిల్ల నన్ను అమ్మా అని పిలవలేదండీ, ఎంత బతిమాలినా పిలవలేదు. కానీ ఆటో దిగంగానే చూసి, చెప్పులు కూడా ఏసుకోకుండా వీధిలోకి పరుగెత్తి, 'మా రమణి వచ్చేసింది! మా రమణి వచ్చేసింది!' అని ఊరంతా అరిచి చెప్పిందండీ. ఇంకేం కావాలండీ నాకు?"

నేను తలుపు దగ్గరే నిలబడి మూడుసార్లు విన్నాను. కింద గొంతుల వరద మొదలైంది. అందరికన్నా ముందు వచ్చింది ఇస్తారన్న నవ్వు. తర్వాత దేవదాసన్నది, చాలా చిన్న వాయిస్. "మంచిగైంది బిడ్డా" అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు, వాయిస్ అక్కడితో ఆగిపోయింది.